పలక వెనక చోటు

గడియారాల మాస్టారు రోజూ పొద్దున్నే దుకాణం తలుపు తీయగానే చేసే మొదటి పని గడప తుడవడం. అందులో వింతేముంది అంటారేమో. ఆయన తుడిచేది చీపురుతో కాదు, అరచేతిలో ఇమిడే చిన్న కుచ్చు బ్రష్షుతో. గడపకు లోపలివైపు నిలబడి, ముఖం వీధివైపు పెట్టి, మోకాళ్ళు వంచి నాలుగు విసుర్లు విసిరి, బ్రష్షు తిరిగి జేబులో పెట్టుకునేవారు. దుమ్ము పోయిందా లేదా అన్నది వేరే సంగతి. వీధిలో నడిచేవాళ్ళకు వెనకభాగం చూపకుండా తుడవడం ఆయనకు ముఖ్యం.

"అంపైరన్నవాడు పలక తుడిచేటప్పుడు జనానికి ముఖం చూపించాలి గానీ, మరొకటి చూపించకూడదు." ఆయన దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పే మొదటి పాఠం ఇదే.

ఆయన భార్యను నేను వదినా అని పిలిచేదాన్ని. ఆవిడ ఈ తుడుపు చూసినప్పుడల్లా ఒకే మాట అనేది. "ఇంట్లో చీపురు పట్టుకోమంటే నడుం పట్టేస్తుంది. అది మాత్రం ముద్దొస్తుంది ఆయనకి."

ఆయన దుకాణాన్ని ఆనుకునే నా పుస్తకాల కొట్టు. ఆదివారాలు నీళ్ళ పంపుహౌసు వెనక మైదానంలో పిల్లలు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే నేను స్కోరు రాసేదాన్ని. అందుకే ఈ సంగతులన్నీ దగ్గరగా చూశాను.

పలక అంటే మరేమీ కాదు, బ్యాటు పట్టుకున్న పిల్ల నిలబడేచోట నేలలో పాతిన అయిదు మూలల తెల్లని బిళ్ళ. పరుగెత్తిన పిల్ల చివరికి వచ్చి తాకాల్సింది దాన్నే. దాన్ని కాచేది క్యాచర్. ఆ క్యాచర్ వెనక, ముఖానికి తొడుగు వేసుకుని, వంగి నిలబడి తీర్పు చెప్పే మనిషి పెద్ద అంపైర్. పరుగెత్తే పిల్ల దారిలో ఒక్కొక్కటిగా తాకుతూ రావాల్సిన మూడు మజిలీలు బేస్‌లు, వాటిలో మొదటి బేస్ దగ్గర నిలబడేవాడు రెండో అంపైర్. ఆటంతా పలక దగ్గరే తేలుతుంది కాబట్టి, పలక వెనక చోటుకున్న గౌరవం మరి దేనికీ లేదు.

ఈ పనికి జీతం లేదు. పిల్లల తల్లులూ తండ్రులూ, ఓ మంగలీ, ఓ టీచరూ, ఓ నర్సూ ఇలా ఎవరికి తీరికైతే వాళ్ళు వచ్చేవారు. వాళ్ళను అంపైర్లుగా తయారుచేసే పని మాస్టారు పంతొమ్మిదేళ్ళుగా నెత్తిన వేసుకున్నారు. ప్రతి ఆదివారం ఏడింటికి మైదానంలో సున్నం గీతలు తనే గీసి, వచ్చినవాళ్ళకు నిమ్మరసం తనే కలిపి, "చూడు, ఊపిరి తీసుకో, అప్పుడు చెప్పు. బంతికంటే నీ నోరు ముందు పరిగెత్తకూడదు" అని చెప్పిందే వందసార్లు చెప్పేవారు. నేర్చుకున్న వాళ్ళందరి పేర్లూ దుకాణంలో బీరువా తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసి ఉండేవి. నలభై ఒక్క పేర్లు. గొప్పకోసం కాదు, ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే వెళ్ళి చూసి రావడానికి. అంత మంచి మనిషి. అంత మంచి మనిషిలోకే అది ఎలా దూరిందో ఆ దేవుడికే తెలియాలి.

నలభై రెండో మనిషి కండక్టరమ్మ.

ఆవిడ ఊరి బస్సులో కండక్టరు. కూతురికి పన్నెండేళ్ళు. మైదానంలో అందరూ ఆ పిల్లను పిడుగు అనేవారు. సాఫ్ట్‌బాల్ ఆడుతుందంటే ఆడటం కాదు, పడటం. గీత దాటి ఎటు జారినా దుమ్ములోంచి నవ్వుకుంటూ లేచేది. ఒక ఆదివారం అంపైర్ లేక పిల్లల ఆట ఆగిపోయిందని తెలిసి, కండక్టరమ్మ డ్యూటీ దిగి ఆ యూనిఫాంతోనే వచ్చి మాస్టారి ముందు నిలబడింది.

"నాకు ఆట తెలియదు మాస్టారూ. గొంతు మాత్రం ఉంది."

"ఏదీ, అవుట్ అను చూద్దాం."

ఆవిడ అంది. పంపుహౌసు కప్పుమీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అందరం నవ్వాం. మాస్టారూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ విషయంలో ఆయన మనసారా నవ్వింది ఆ ఒక్కరోజే.

మిగతావాళ్ళకు ఆరు నెలలు పట్టేది ఆవిడకు ఆరు వారాల్లో పట్టుబడింది. పదకొండేళ్ళు కిక్కిరిసిన బస్సులో ఎవరు ఏ స్టాపులో ఎక్కారో, ఎవరు దిగాల్సినచోట దిగలేదో గుర్తుపెట్టుకున్న కళ్ళు అవి. పోట్లాడకుండా కాదనడం కూడా బస్సే నేర్పింది. ఒకరోజు ఓ పిల్లవాడి తండ్రి గీత దాటి లోపలికి వచ్చేసి అరిచాడు.

"ఏమ్మా, కళ్ళు కనబడట్లేదా?"

"కనబడుతున్నాయి బాబూ. మీరు గీత దాటడం కూడా కనబడింది. కాస్త వెనక్కి జరగండి, వెనక ఖాళీగానే ఉంది."

మైదానమంతా ఘొల్లుమంది. ఆ తండ్రి కూడా నవ్వుకుంటూ వెనక్కి జరిగాడు. మాస్టారు మాత్రం సున్నం డబ్బా మూత గట్టిగా బిగిస్తూ కూర్చున్నారు, అప్పటికే బిగిసి ఉన్నదాన్ని.

ఇక అక్కణ్ణుంచి జనం అడగడం మొదలుపెట్టారు. "ఈ వారం కండక్టరమ్మ వస్తుందా?" అడిగేది ఎవరిని? మాస్టారినే. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ "ఈ వారం మాస్టారు వస్తారా?" అని అడగలేదు. ఆయన రాకపోవడమన్నది లేదు గనక అడగలేదు. ఆ సంగతి నేను చెప్పి చూశాను. ఆయనకు ఎక్కలేదు. ముల్లు దిగాక మాటలు ఎంతవరకు పనిచేస్తాయి?

ఆటల సంఘానికి పెద్ద మందుల షాపాయన. ఓ రోజు గడియారం బెల్టు మార్పించుకుంటూ అన్నాడు.

"భలే రత్నాన్ని తయారుచేశారు మాస్టారూ! ఈసారి ఫైనల్‌కి పలక వెనక ఆవిణ్ణి నిలబెడదామా? పిల్లలు సంబరపడతారు. మీకూ మోకాళ్ళకు కాస్త విశ్రాంతి."

పంతొమ్మిది ఫైనల్స్‌లోనూ పలక వెనక నిలబడింది మాస్టారే. ఆయన కంటి మీది భూతద్దం తీయకుండా "చూద్దాం" అన్నారు. ఆ రోజు మూడు గడియారాలు విప్పారు, ఒక్కటీ బిగించలేదు.

ఆ సాయంత్రం వదిన టీ ఇస్తూ, "గురువును మించిన శిష్యురాలంటే గురువుకే గొప్ప కదండీ" అంది.

"గొప్పే. ఎవరు కాదన్నారు? గొంతు పెద్దదైతే చాలేమిటి?"

"నేను గొంతు ఊసే ఎత్తలేదే!"

ఆయన టీ చల్లారిపోయింది. బీరువా తలుపు మీద నలభై రెండో పేరు ఎక్కలేదు.

అంపైర్లకు ఆయన ఆఖరున చెప్పే పాఠం ఒకటుంది. దాన్ని 'అడగడం' అనేవారు. పలక దగ్గర ఏం జరిగిందో నీకు కనబడకపోతే ఊహించి చెప్పకూడదు. ఆట ఆపి, తొడుగు తీసి, రెండో అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి, "నువ్వేం చూశావు?" అని అడగాలి. రెండో అంపైర్ చూసినా సరే, అడగందే నోరు విప్పకూడదు. ఒక ఆటకు రెండు తీర్పులుంటే పిల్లలు ఎవరి మాట నమ్మాలి? అందుకని ఆ కట్టుబాటు.

ఆ పాఠం ఎప్పుడు చెప్పాలన్నది ఆయన చేతిలోని పని. కండక్టరమ్మకు డ్యూటీ పడిన ఆదివారం చూసి చెప్పారు. మరుసటి వారం ఆవిడ వచ్చి అడిగింది.

"మాస్టారూ, నేను లేనప్పుడు ఏం చెప్పారు?"

"పెద్దగా ఏం లేదమ్మా. పాతవే మళ్ళీ చెప్పుకున్నాం."

నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. పెద్దాయన మాటను నలుగురిలో తప్పని ఎలా అంటాను అనుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పొద్దున దండం పెట్టుకునేటప్పుడు ఈ రోజుకీ గుర్తొస్తుంది.

సాఫ్ట్‌బాల్ సెమీఫైనల్ రోజు అంపైర్‌గా రావాల్సిన టీచరుకు జ్వరం తగిలింది. ఆడే జట్లలో ఒకటి పిడుగుది. కూతురు ఆడే ఆటకు తల్లి తీర్పు చెప్పకూడదన్నది పద్ధతి. కానీ ఎదుటి జట్టువాళ్ళే వచ్చి, "కండక్టరమ్మ అయితే మాకేం అభ్యంతరం లేదు, పలక వెనక ఆవిణ్ణే నిలబెట్టండి" అన్నారు. అది గోరుచుట్టు మీద రోకటిపోటు. మాస్టారు మొదటి బేస్ దగ్గరికి నడిచారు.

ఆఖరి వంతు. రెండు జట్లూ సమానం. పిడుగు మూడో బేస్ నుంచి పలకకేసి పరుగు అందుకుంది. బంతి క్యాచర్ చేతికి వచ్చింది. పిడుగు నేలమీద జారింది. క్యాచర్ ఒంగి తాకించింది. దుమ్ము లేచింది. పలక చేరేలోగా ఒంటికి బంతి తాకిస్తే అవుట్, కానీ తాకించేటప్పుడు బంతి చేతిలో ఉండాలి. జారి నేల తాకితే పరుగు చెల్లుతుంది.

బంతి జారింది. క్యాచర్ మోకాలి దగ్గర నేల తాకింది, ఆ పిల్ల గబుక్కున గ్లవ్‌లోకి లాక్కుంది. కానీ కండక్టరమ్మ నిలబడినచోటికి క్యాచర్ వీపు తప్ప మరేమీ కనబడలేదు. దుమ్ము అణిగేసరికి బంతి గ్లవ్‌లోనే ఉంది.

"అవుట్!"

"అమ్మా! బంతి పడిపోయిందమ్మా!"

"ఇక్కడ అమ్మ లేదు. అంపైర్ ఉంది. అవుట్ అంటే అవుటే."

మొదటి బేస్ వైపునుంచి చూస్తే అంతా తేటగా కనబడింది. మాస్టారు బంతి జారడం చూశారు, నేల తాకడం చూశారు. ఎవరూ అడగలేదు. అడగందే చెప్పకూడదు. కట్టుబాటు ఆయనకు గొడుగు పట్టింది. ఆ గొడుగు కింద నిలబడి ఆయన ఆ తప్పు బయటపడాలని ఎదురుచూశారు, జనం ఆవిణ్ణి నాలుగు మాటలంటారని.

జనం చప్పట్లు కొట్టారు.

"కన్నకూతుర్నే అవుట్ ఇచ్చింది చూశావా! అదీ న్యాయమంటే!" అన్నారు. ఎదుటి జట్టు తల్లులు వచ్చి చేతులు పట్టుకున్నారు. చేసిన తప్పు కూడా ఆవిడకు కిరీటమైంది. సమానంగానే మిగలడంతో ఆడించిన అదనపు వంతులో పిడుగు జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. మాస్టారి ముఖం కందగడ్డలా అయింది. బేస్‌లు సంచీలో సర్దుతూ, "అదృష్టవంతుల్ని చెరిపేవాళ్ళుండరు" అన్నారు నాతో. ఆయన చూసిన సంగతి అప్పటికి నాకు తెలియదు.

గురువారం మధ్యాహ్నం ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కండక్టరమ్మ దుకాణానికి వచ్చింది. నేను నా కొట్టులో పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పిడుగు నాతో మాట్లాడటం లేదు మాస్టారూ. నాలుగు రోజులైంది. జడ కూడా తనే అల్లుకుంటోంది, వంకరటింకరగా. నేను ముట్టుకోబోతే తల లాగేసుకుంటోంది."

మాస్టారు భూతద్దం కంటికి పెట్టుకుని పనిలో ఉన్నారు.

"ఓడిపోయినందుకు కాదుట. బంతి పడిందని దాని మాట. నేను తన మాట నమ్మలేదని ఏడుపు. మీరు అటువైపు ఉన్నారుగా. మీకేమైనా కనబడిందా? పడిందంటే చెప్పండి, ఇంటికెళ్ళి దాన్ని క్షమాపణ అడుగుతాను. నాకేం నామోషీ లేదు."

పక్క గోడకు వేలాడే గడియారాలన్నీ టకటకా కొట్టుకుంటున్నాయి. తల ఎత్తకుండా మాస్టారు అన్నారు.

"నేను బేస్ మీదున్న పిల్లని చూస్తున్నానమ్మా. అటు చూడలేదు."

"పోనీలెండి. మీరు చూసుంటే చెప్పేవారే కదా."

ఆవిడ గడప దాటబోయి వెనక్కి తిరిగింది. "అన్నట్టు, మీకు మోకాళ్ళ నొప్పులని అమ్మగారు చెప్పారు. ఫైనల్ రోజు ఆ బరువు సంచీతో స్టాపుదాకా నడవకండి. డ్రైవరుతో చెప్పాను, బస్సు మీ దుకాణం ముందే ఆపుతాడు."

ఆవిడ వెళ్ళాక చాలాసేపటికి ఏదో కింద పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే, ఆవగింజంత మర ఎక్కడో జారిపోయింది. మాస్టారు నేలమీద మోకాళ్ళూని వెతుకుతున్నారు. వెతికిపెట్టాను. "కళ్ళు మసకబారాయమ్మా" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

అయినా అసూయ అంత తేలిగ్గా వదిలే దయ్యం కాదు. ఫైనల్‌కి ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయనే రాసి ఇచ్చారు. పలక వెనక తాను, మొదటి బేస్ దగ్గర కండక్టరమ్మ. మందుల షాపాయన చదివి, "మీ ఇష్టం" అన్నాడు కాస్త పొడిగా. కండక్టరమ్మ మాత్రం, "అదే న్యాయం. ఆయన చోటు ఆయనదే" అంది. ఆ మాట కూడా ఆయనకు చేరింది. చేరి, గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున బస్సు నిజంగానే దుకాణం ముందు ఆగింది. డ్రైవరు దిగి వచ్చి సంచీ భుజానికెత్తుకున్నాడు. "అయ్యో, నువ్వెందుకు బాబూ?" అంటే, "కండక్టరమ్మ ఆర్డరండీ. కాదంటే నాకు బెల్లు కొట్టదు" అన్నాడు. దారి పొడుగునా మాస్టారు జేబులోని బ్రష్షును తడుముకుంటూ కిటికీలోంచి బయటికే చూశారు.

మైదానం నిండా జనం. పిడుగు కూడా వచ్చింది. తల్లికి దూరంగా, వల అవతల ఓ బక్కెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుంది. జడ వంకరగానే ఉంది.

ఆట సగం దాటింది. ఒక పిల్ల మూడో బేస్ నుంచి పలకకేసి దూసుకొచ్చింది. బంతీ వచ్చింది. క్యాచర్ ఒంగింది. దుమ్ము లేచింది. అచ్చు ఆ రోజు ఆటే, పిల్లలు మారారంతే. మాస్టారు పక్కకు జరిగి చూడాలి. మోకాళ్ళు ఒక్క క్షణం మొరాయించాయి. ఆయన జరిగేసరికి కనబడింది క్యాచర్ వీపు.

మైదానమంతా ఊపిరి బిగబట్టింది. చూడు, ఊపిరి తీసుకో, చెప్పు. ఆయన ఊపిరి తీసుకున్నారు. చెప్పడానికి ఏమీ లేదు. ఊహించి ఏదో ఒకటి అనేయొచ్చు. పంతొమ్మిదేళ్ళ మనిషిని కాదనేవాడెవడు? కుడిచెయ్యి సగందాకా లేచింది కూడా. నేను చూశాను. లేచిన చెయ్యి దిగింది. దిగి, ముఖం మీది తొడుగు తీసింది.

"టైమ్!" అని ఆట ఆపి, ఆయన కుంటుకుంటూ మొదటి బేస్ వైపు నడిచారు. అక్కడేం మాట్లాడుకున్నారో తరవాత కండక్టరమ్మే నాకు చెప్పింది.

"నాకు కనబడలేదమ్మా. నువ్వేం చూశావు?"

"అలా అడగొచ్చా మాస్టారూ?"

"అడగొచ్చు. అడగాలి. నువ్వు రాని ఆదివారం అందరికీ నేర్పాను. నీకు నేర్పలేదు. కావాలనే. ఆ రోజు నువ్వు అడిగుంటే బంతి నేల తాకిందని చెప్పేవాణ్ణి. చూశాను. గురువారం నీతో అబద్ధమాడాను."

ఆవిడ వల అవతలి బక్కెట్టు వైపు చూసింది. చాలాసేపు చూసిందనుకుంటాను, జనం సణగడం మొదలైంది. చివరికి అంది.

"ముందు ఈ పిల్లల సంగతి తేల్చండి. బంతి జారలేదు. చేతిలోనే ఉంది."

మాస్టారు తిరిగి వచ్చి పిడికిలి ఎత్తి అవుట్ ఇచ్చారు. జనంలోంచి ఎవడో అరిచాడు. "గడియారాల మాస్టారూ, అద్దాలు మార్చుకోండి!"

"మారుస్తాను బాబూ, రేపే" అన్నారాయన. బ్రష్షు తీసి, ముఖం జనంవైపే పెట్టి, వంగి పలక తుడిచారు. రోజూ నాలుగు విసుర్లతో సరిపెట్టే మనిషి ఆ రోజు చాలాసేపు తుడిచారు.

ఆట అయ్యాక కండక్టరమ్మ బేస్‌లు పీకి సంచీలో వేస్తోంది. మాస్టారి ముఖం చూడలేదు. చూడకుండానే అడిగింది.

"నేనేం చేశాను మాస్టారూ మీకు?"

"ఏం చెయ్యలేదమ్మా. నాకంటే బాగా చేశావు. అంతే."

 ఆవిడ సంచీ రెండో పట్టీ ఆయన చేతికి అందేలా ఇటు జరిపింది. ఆయన పట్టుకోలేదు. ముందు వల దాటి బక్కెట్టు దగ్గరికి వెళ్ళారు. మోకాళ్ళు ఎంత మొత్తుకున్నా వినకుండా, ఆ పిల్ల ఎత్తుకు వంగి కూర్చున్నారు. నేను స్కోరు పుస్తకం మూసి అక్కడే నిలబడ్డాను.

"పిడుగూ, ఆ రోజు నువ్వు సేఫ్. బంతి పడింది. నేను చూశాను."

ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. "చూశారా? మరి చెప్పలేదేం?"

"మీ అమ్మ అడగలేదు. అడగాలని ఆవిడకి నేను చెబితేగా! తప్పు అమ్మది కాదు."

"మీరు పెద్దవాళ్ళు కదా!"

"ఆఁ. అదే సిగ్గుగా ఉంది." ఆయన జేబులోంచి బ్రష్షు తీసి, ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలో తిప్పారు. "నాకో సాయం చేస్తావా తల్లీ? వచ్చే ఆదివారం ఏడింటికి రా. నేర్చుకునేవాళ్ళందరూ ఉంటారు. వాళ్ళముందు మూడో బేస్ నుంచి పరిగెత్తుకొచ్చి, ఆ రోజు జారినట్టే మళ్ళీ ఒక్కసారి జారు. పలక వెనక మీ అమ్మ ఉంటుంది. నేను మొదటి బేస్ దగ్గర, ఆ రోజు నిలబడినచోటే నిలబడతాను. ఈసారి ఆవిడ అడుగుతుంది. నేను చెబుతాను. వస్తావా?"